తారల వన్నె

తెలుగున ‘వన్నె’ యను మాటకు రెండర్థములు గలవు. వన్నె యనగా రంగు. వన్నె యనగా బంగారపు మేలిమి కూడ. అందుచేతనే మిక్కిలి స్వచ్ఛమైన బంగారమును పదియారు వన్నెల బంగార మందురు. కంసాలి తనయొద్దకు వచ్చిన నగను పరీక్షింపవలసి వచ్చినప్పుడు దానిని కరిగింపడు, ముక్కలు చేయడు. గీటురాయిమీద ఒకసారి రాచి, ఆ గీత రంగును మేలిమి ముందే తెలిసిన బంగారు మచ్చుల గీతలతో పోల్చి చూచును. అందు బంగార మెంత, కలిపిన రాగి యెంత అనునది అంతమాత్రముననే ఇంచుమించుగా చెప్పగలడు.

ఖగోళ శాస్త్రజ్ఞులు చేయుపనియు ఇట్టిదే. కాని వారి చేతికి నగ చిక్కదు. వారు పరీక్షించు తారాగుచ్ఛములు వేలకొలది కాంతి సంవత్సరముల దూరమున నున్నవి. అక్కడికి పోవుటకు గాని, అక్కడినుండి పిడికెడు ధూళి తెచ్చుటకు గాని వీలులేదు. వారికి లభించునది వెలుగు ఒక్కటే. ఆ వెలుగు రంగును కొలిచి, ఆ తారలలో ఇనుము మొదలగు పదార్థములు ఎంత యున్నవో వారు లెక్క కట్టుచున్నారు. ఈ విద్య ఎట్లు పుట్టినది? దానిని ఎంతవరకు నమ్మవచ్చును?

ఒకప్పుడు ఇది అసాధ్యమని పెద్దలే నిశ్చయించిరి. ఆగస్టు కోంతు అను ఫ్రెంచి తత్త్వవేత్త 1835లో, నక్షత్రముల దూరమును, పరిమాణమును, చలనమును మానవుడు తెలిసికొనవచ్చునే గాని, వాని రసాయన స్వభావమును ఎన్నటికిని తెలిసికొనలేడని వ్రాసెను. ఆ మాటకు సమాధానము అప్పటికే సూర్యకాంతిలో వ్రాయబడి యున్నది. దానిని చదువువారు మాత్రము లేరు. 1814లో జర్మనీ దేశీయుడగు ఫ్రౌన్‌హోఫర్ సూర్యకాంతిని పట్టకముద్వారా విడదీసి, ఆ రంగుల పట్టీలో అయిదువందలకు పైగా నల్లని గీతలను లెక్కించెను. అవి ఏల కలుగుచున్నవో అతనికి తెలియదు. కోంతు 1857లో మరణించెను. అటుపిమ్మట రెండేండ్లకు, 1859లో, హైడల్‌బర్గు నగరమున కిర్కాఫ్, బున్సెన్ అను శాస్త్రజ్ఞులు ఆ గీతల మర్మమును విప్పిరి. ప్రతి మూలకమునకును తనవైన కొన్ని రంగులు గలవు. వేడెక్కినప్పుడు అది ఆ రంగులనే వెలువరించును. వెలుగు దానిగుండ పోవునప్పుడు ఆ రంగులనే మ్రింగును. కాబట్టి నల్లగీత యన్నది మూలకము చేసిన సంతకము వంటిది.

ఈ చరిత్రలో తెలుగుదేశమునకును చోటు గలదు. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సాగినది. ఫ్రాన్సు దేశపు జాన్‌సెన్ గుంటూరునుండియు, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్టణమునుండియు దానిని పరిశీలించిరి. సూర్యుని అంచున లేచు మంటల వెలుగులో మిక్కిలి ప్రకాశవంతములగు గీతలు గోచరించినవి. వానిలో పసుపుపచ్చని గీత యొకటి సోడియపు గీత కాదని ఆ సంవత్సరమే ఇంగ్లండులో లాక్యర్ కనుగొనెను. భూమిమీద నెవ్వరును ఎరుగని మూలకముదే ఆ గీత యని తలచి, దానికి సూర్యుని పేరుమీద హీలియమని నామకరణము జరిగినది. 1895లో రామ్సే దానిని భూమిమీదనే పట్టుకొనెను. ఎన్నటికిని తెలియదన్న చోట, ముందు సూర్యునియందు దొరికిన వస్తువు తరువాత భూమియందు దొరికినది.

గీతలను చూచినంతనే పదార్థపు పాళ్ళు తెలియవు. ఒకే మూలకపు గీత ఒక వేడిమియందు బలముగాను, వేరొక వేడిమియందు బలహీనముగాను కనబడును. దీనికి కావలసిన సూత్రమును 1920లో మేఘనాథ్ సాహా అను భారతీయ శాస్త్రజ్ఞుడు రచించెను. ఆ సూత్రము నాధారముగా గొని 1925లో సిసిలియా పెయిన్ అను యువతి, తారలు భూమివలె ఇనుముతోను రాతితోను నిండినవి కావనియు, వానిలో మిక్కిలి హెచ్చుగా నున్నది ఉదజని యనియు లెక్కించి చూపెను. నేటి లెక్క ప్రకారము సూర్యుని తూకములో ఇంచుమించు నూటికి డెబ్బదినాలుగు పాళ్ళు ఉదజని. ఇరువదియైదు పాళ్ళు హీలియము. మిగిలిన మూలకములన్నియు కలిసి నూటికి రెండు పాళ్ళకు మించవు. ఈ మిగిలినవాని నన్నిటిని ఖగోళ శాస్త్రజ్ఞులు ‘లోహము’లనియే పిలుచుట ఆచారము. ఆమ్లజనియు, కర్బనమును కూడ వారి వాడుకలో లోహములే.

గీతలవలన ఇంత తెలియుచుండగా రంగుతో పని యేమి? వెలుగును గీతలు కనబడునంత వెడల్పుగా పరచినచో అది మిక్కిలి పలుచబడిపోవును. దూరపు తారల వెలుగు అసలే కొద్ది. కొద్దిపాటి పిండితో పెద్ద రొట్టె చేయబోయిన వానికి కలుగు ఇక్కట్టే ఇచ్చటను కలుగును. గీతల చిత్రమును ఒక తారకు తీయుటకు పట్టు కాలములో, రంగును వేలకొలది తారలకు కొలువవచ్చును.

తారాగుచ్ఛము లిందుకు మిక్కిలి అనుకూలములు. ఆకాశమున కొన్ని తారలు గుంపులు గుంపులుగా పుట్టి, గుంపులుగానే సంచరించుచుండును. కార్తిక మాసపు రాత్రులలో నడినెత్తిన మెరయు కృత్తికలు అట్టి గుంపే. అది సుమారు 440 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. వయస్సు సుమారు పది కోట్ల సంవత్సరములు. తారల లెక్కలో అది పసితనమే. ఇట్టి గుచ్ఛములు పలుచగా చెదరియుండును. వేరొక జాతి గుచ్ఛములు బంతివలె గుండ్రముగా నుండి, లక్షలకొలది తారలను ఇముడ్చుకొని యుండును. వీనికి గోళాకార గుచ్ఛములని పేరు. పాలపుంతకు సంబంధించినవి నూట యేబదికి పైగా తెలిసినవి. వానిలో అనేకముల వయస్సు వేయిన్నిరెండువందల కోట్ల సంవత్సరములకు తక్కువ కాదు. వేసవి రాత్రులందు తెలుగునాటినుండి దక్షిణ దిక్కుగా చూచినచో ఒమేగా సెంటారి యను గోళాకార గుచ్ఛము మసకచుక్కవలె కంటికే కనబడును.

ఒక్క గుచ్ఛములోని తారలు సాధారణముగా ఒక్క వాయుమేఘమునుండి, ఇంచుమించు ఒకే కాలమున పుట్టినవి. ఒక్క కుంభము బియ్యముతో వండిన అన్నమును పరీక్షించుటకు రెండు మెతుకులు పట్టిచూచిన చాలును. అట్లే గుచ్ఛములో కొన్ని తారల సంగతి తెలిసినచో మిగిలినవాని సంగతియు తెలిసినట్లే. విడిగా చూచుటకు వీలులేనంత దూరమున నున్నప్పుడు గుచ్ఛపు వెలుగునంతటిని కలిపి యొక్కసారిగా కొలువవచ్చును.

రంగును కొలుచుట ఎట్లు? ‘ఎరుపు’, ‘నీలము’ అను మాటలు శాస్త్రమునకు చాలవు, సంఖ్య కావలెను. దూరదర్శినికి ముందుగా నీలపు గాజు పలకను అడ్డముంచి తార ప్రకాశమును కొలుతురు. పిమ్మట పసుపు వెలుగును మాత్రమే పోనిచ్చు పలక నుంచి మరల కొలుతురు. 1953లో జాన్సన్, మోర్గన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ కొలతలకు ఒక పద్ధతి నేర్పరచిరి. అందు నీలపు పలక 4,400 ఆంగ్‌స్ట్రాముల ప్రాంతపు వెలుగును, పసుపు పలక 5,500 ఆంగ్‌స్ట్రాముల ప్రాంతపు వెలుగును పోనిచ్చును. కంటికి కానరాని అతినీలలోహిత కిరణములకు మూడవ పలక యుండును. ఆంగ్‌స్ట్రా మనగా మిల్లీమీటరులో కోటవ వంతు. ప్రకాశమును తరగతులలో చెప్పుదురు. తరగతి సంఖ్య పెరిగినకొలది ప్రకాశము తగ్గును. నీలపు తరగతినుండి పసుపు తరగతిని తీసివేయగా మిగులు సంఖ్యయే వర్ణసూచిక. అభిజిత్తునకు అది ఇంచుమించు సున్న. నీలిరంగుగల చిత్తా నక్షత్రమునకు సున్నకంటె తక్కువ. సూర్యునికి సుమారు 0.65. ఎఱ్ఱని ఆర్ద్రకు 1.8 ప్రాంతము. సూచిక పెరిగినచో తార ఎరుపు, తగ్గినచో నీలము.

ఈ రంగునకు మొదటి కారణము వేడిమి. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎఱ్ఱబడి, పిమ్మట పసుపుపచ్చనై, మిక్కిలి కాగినప్పుడు తెల్లబడును. తారలును అంతే. ఎఱ్ఱనివి చల్లనివి, నీలపువి వేడివి.

రెండవ కారణము లోహములు. పాళ్ళలో కొద్దియే యైనను, వెలుగును అడ్డుటలో లోహముల బలము గొప్పది. ఉదజనికి కంటికి కనబడు వెలుగులో గీతలు కొద్ది. ఇనుమునకు వేలకొలది గీతలు గలవు. అవియు హెచ్చుగా నీలపు, అతినీలలోహితపు భాగములందే క్రిక్కిరిసి యుండును. పందిరిమీద తాటాకులు దట్టముగా పరచినచో ఎండ ఆగిపోవునట్లు, ఈ గీతలు నీలపు వెలుగును ఆపివేయును. ఆగిన శక్తి నశింపదు. అది తార పైపొరలను వేడిచేసి, పసుపు, ఎరుపు రంగులలో బయటికి వచ్చును. అందుచేత లోహములు హెచ్చుగా గల తార, అట్టిదే మరియొక పేద తారకంటె ఎఱ్ఱగా కనబడును.

తారలన్నిటి పదార్థము ఒక్కటే యని చాలకాలము అందరు నమ్మియుండిరి. 1951లో చాంబర్లేన్, ఆలర్ అను శాస్త్రజ్ఞులు రెండు తారల గీతలను పరిశీలించి, వానిలో లోహములు సూర్యునిలో కంటె మిక్కిలి తక్కువగా నున్నవని ప్రకటించిరి. ఆ దశాబ్దముననే నాన్సీ రోమన్, లోహగీతలు బలహీనముగా గల తారలు అతినీలలోహిత కిరణములను హెచ్చుగా వెలువరించుచున్నవని గుర్తించెను. 1959లో సాండేజి, ఎగ్గెన్ అను వారు ఈ అధికపు వెలుగునకు లోహముల లేమియే కారణమని వివరించిరి. అప్పుడు రోహిణి సమీపమున కనబడు హయాడీస్ అను గుచ్ఛము, కంసాలి మచ్చువలె, పోల్చిచూచుటకు ప్రమాణమైనది. 1962లో వాలర్‌స్టైన్ తారల గీతలవలన తేలిన ఇనుపపాళ్ళను, వాని అతినీలలోహితాధిక్యమును సరిపోల్చి, ఒకటి తెలిసినచో రెండవది చెప్పవచ్చునని చూపెను. రంగు నాటినుండి గీటురాయి యైనది.

వృద్ధ గుచ్ఛములందు ఇంకొక విశేషము గలదు. వాని వెలుగులో పెద్దభాగము అరుణ మహాతారలనుండి వచ్చును. ఇవి వయస్సు మళ్ళి ఉబ్బిన తారలు. లోహములు తక్కువైనచో తార పైపొరలు వెలుగును సులభముగా బయటికి పోనిచ్చును. తార అంతగా ఉబ్బదు. దాని పైతలము వేడిగానే యుండును. కనుక లోహములు తక్కువగా గల గుచ్ఛము ఈ కారణము చేతను నీలముగా కనబడును. రెండు కారణములును ఒకే వైపునకు లాగుటచేత రంగులోని భేదము స్పష్టమగుచున్నది.

ఒక ఉదాహరణమును చూడుడు. మెస్సియే అను ఫ్రెంచివాని పట్టికలో 92వ సంఖ్యగల గోళాకార గుచ్ఛము 27,000 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. దాని మొత్తపు వెలుగునకు వర్ణసూచిక సుమారు 0.61. దక్షిణాకాశమున 47 టుకానే యను గుచ్ఛమునకు అది సుమారు 0.84. గీతల పరీక్షవలన, మొదటిదానియందు ఇనుపపాలు సూర్యునిలో రెండువందలవ వంతనియు, రెండవదానియందు అయిదవ వంతనియు తేలినది. అనగా సూచికలో 0.23 భేదమునకు ఇనుములో ఇంచుమించు నలుబది రెట్ల భేదము.

ఈ రెంటిని మచ్చులుగా గొని మూడవదానిని పరీక్షింపవచ్చును. అదే పట్టికలో 13వ గుచ్ఛపు సూచిక సుమారు 0.66. మొదటి రెంటి నడుమ సరళరేఖ గీచి లెక్కించినచో, దాని ఇనుపపాలు సూర్యునిలో తొంబదవ వంతని వచ్చును. కాని గీతల పరీక్ష ముప్పదినాలుగవ వంతు ప్రాంతమని చెప్పుచున్నది. పేదగుచ్ఛము, ధనికగుచ్ఛము అను క్రమము తప్పలేదు. పాళ్ళు మాత్రము మూడింతలు తేడా వచ్చినవి. కారణమేమనగా, రంగునకును లోహమునకును గల సంబంధము సరళరేఖ కాదు, వక్రరేఖ. రెండు మచ్చులతో వక్రరేఖ తెలియదు. అందుచేత శాస్త్రజ్ఞులు అనేక గుచ్ఛములకు గీతలను కష్టపడి కొలిచి, ఆ రేఖను సరిదిద్ది, అటుపిమ్మటనే దానిని కొత్తవానికి ఉపయోగింతురు.

దీనికి మించిన చిక్కులు రెండు గలవు. మొదటిది ధూళి. అస్తమించు సూర్యుడు ఎఱ్ఱగా కనబడుటకు సూర్యుడు కారణము కాదు. నడుమనున్న గాలియు ధూళియు కారణము. తారల నడుమను ధూళి యున్నదని 1930లో ట్రంప్లర్ అను శాస్త్రజ్ఞుడు తారాగుచ్ఛములను పరిశీలించియే నిరూపించెను. అది నీలపు వెలుగును హెచ్చుగా చెదరగొట్టి గుచ్ఛమును ఎఱ్ఱబరచును. ఆ ఎరుపును లోహముల ఎరుపని భ్రమించినచో లెక్క తారుమారగును. కాబట్టి ధూళివలన కలిగిన ఎరుపును ముందు తీసివేయవలెను. పైని చెప్పిన మూడు సూచికలును అట్లు సవరింపబడినవే.

రెండవ చిక్కు వయస్సు. వేడియైన నీలి తారలు తమ ఇంధనమును త్వరగా దహించి ముందుగా అంతరించును. అందుచేత గుచ్ఛము ముదిరినకొలది ఎఱ్ఱబడును. గుచ్ఛ మెఱ్ఱగా నున్నదన్నంత మాత్రమున అది లోహములు గలదా, లేక కేవలము వృద్ధమా? 1994లో వర్తీ యను శాస్త్రజ్ఞుడు ఈ చిక్కునకు లెక్క చెప్పెను. వయస్సు మూడింతలైనను, లోహములు రెండింత లైనను రంగులో మార్పు ఇంచుమించు ఒక్కటే. వయస్సు నెరుగక రంగును మాత్రమే చూచువాడు ఎంత పొరపడునో కృత్తికలే సాక్ష్యము. అందలి ప్రకాశవంతములగు తారలు నీలపువి. గోళాకార గుచ్ఛములకై కూర్చిన పట్టికను వానికి వర్తింపజేసినచో, వానిలో లోహములు లేనేలేవని తేలును. నిజమునకు వానియందలి ఇనుము సూర్యునిలో ఉన్నంత యున్నది. వాని నీలిమకు కారణము యౌవనము.

ఇట్టి పొరపాటును తప్పించుకొను మార్గములును దొరకినవి. గోళాకార గుచ్ఛములలో హెచ్చు భాగము మిక్కిలి వృద్ధములే కనుక, వాని నడుమ వయోభేదము రంగును అంతగా మార్చదు. అచ్చట రంగును నమ్మవచ్చును. తక్కినచోట్ల ఒక్క వర్ణసూచికతో తృప్తిపడక, అతినీలలోహితమునుండి పరారుణమువరకు పలు సూచికలను కొలుతురు. వయస్సు కొన్నిటిని హెచ్చుగా కదల్చును; లోహములు మరికొన్నిటిని హెచ్చుగా కదల్చును. ఒక్క సాక్షి చెప్పినదానిని నలుగురు సాక్షులతో సరిచూచినట్లు, ఆ సూచికలను ఒండొంటితో సరిచూచుటవలన నిజము బయటపడును.

ఈ విద్యవలన లభించిన ఫలము గొప్పది. కన్యారాశి దిక్కున, అయిదుకోట్ల కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున, మెస్సియే పట్టికలోని 87వది యగు మహానక్షత్రమండలము గలదు. దాని చుట్టును పదివేలకు పైగా గోళాకార గుచ్ఛములు మూగియున్నవి. వానిలో ఒక్కొక్క తారను పరీక్షించుట అసాధ్యము. రంగును కొలుచుట సాధ్యము. ఇట్టి పెద్ద మండలముల గుచ్ఛములు రంగును బట్టి నీలపువి, ఎఱ్ఱనివి అని రెండు తెగలుగా కనబడుచున్నవని 1993లో జెఫ్, ఆష్‌మన్ అను వారు చూపిరి. లోహములు తక్కువైనది ఒక తెగ, హెచ్చైనది మరియొక తెగ యని పలువురి అభిప్రాయము. పెద్ద మండలములు చిన్నవానిని తమలో కలుపుకొని పెరిగినవనుటకు ఇది యొక ఆధారముగా గ్రహింపబడినది. అయితే 2006లో కొరియా శాస్త్రజ్ఞులు, రంగునకును లోహమునకును గల సంబంధము వక్రరేఖ యగుటచేత, ఒక్క తెగ లోహపాళ్ళు కూడ రంగులో రెండు తెగలుగా కనబడవచ్చునని హెచ్చరించిరి. 13వ గుచ్ఛపు లెక్కలో కానవచ్చిన వంపే ఇచ్చట పెద్ద వివాదమునకు కారణమైనది.

గుచ్ఛములన్నియు ఒక్క కుంభపు బియ్యమే యనుటయు పూర్తిగా నిజము కాదు. ఒమేగా సెంటారిలోని తారలందు లోహపాళ్ళు ఒకదానికొకటి భిన్నముగా నున్నవి. అది ఒకనాటి చిన్న నక్షత్రమండలపు నడిబొడ్డు కావచ్చునని అనేకులు తలచుచున్నారు. పాలపుంత దాని వెలుపలి భాగమును లాగుకొనగా మిగిలినదే నేటి గుచ్ఛమని వారి యూహ.

ఈ లెక్కలన్నిటి వెనుక నున్న ప్రశ్న పెద్దది. విశ్వము ఆరంభమైనప్పుడు ఉదజనియు, హీలియమును తప్ప వేరు మూలకములు లేవనియే చెప్పవచ్చును. తక్కినవి తారల గర్భములందే తయారైనవని 1957లో బర్బిడ్జి దంపతులు, ఫౌలర్, హాయిల్ విపులముగా వివరించిరి. తొలితరపు తారలు తాము వండిన ఇనుమును, ఆమ్లజనిని విరజిమ్మి అంతరించినవి. వాని భస్మమునుండి మరల తారలు పుట్టినవి. ప్రతి తరమునకును లోహపుపాలు పెరిగినది. 92వ గుచ్ఛములోని రెండువందలవ వంతు ఇనుము తొలినాళ్ళ పేదరికమునకు గుర్తు. తరతరములు కూడబెట్టిన సంపద నుండియే భూమియు, నాగలికఱ్ఱును, మానవుని నెత్తుటిలోని ఇనుమును వచ్చినవి. తారాగుచ్ఛముల రంగును కొలుచుట యనగా ఆ సంపద ఏ కాలమున ఎంత పెరిగినదో తెలుపు ఖాతాను చదువుటయే.

చిలీ దేశపు కొండమీద నెలకొల్పిన వేరా రూబిన్ వేధశాల తన తొలి చిత్రములను 2025లో ప్రకటించినది. దాని దూరదర్శినికి ఆరు రంగుల పలకలు గలవు. అది చూడబోవు తారలలోను, గుచ్ఛములలోను అత్యధిక భాగమునకు గీతల పరీక్ష చేయుట ఎవరికిని సాధ్యము కాదు. వాని సంగతి తెలియుట రంగువలననే. కొన్నిటిని గీతలతో నిదానముగా పరీక్షించి మచ్చులుగా నుంచుకొనుట, తక్కినవానిని రంగుతో పోల్చుట, పోల్చినప్పుడు ధూళిని, వయస్సును మరువకుండుట, ఈ మూడును తెలిసిన వానికే తారల వన్నె తెలియును.